సాధనలో వరుస తప్పకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఈ మధ్య పత్రికల ఆధ్యాత్మిక పుటల్లోనూ, వాటి పక్కన వచ్చే శిబిరాల ప్రకటనల్లోనూ ‘ఆత్మను పెంపొందించుకోండి’, ‘మూడు రోజుల్లో ఆత్మజాగృతి’ వంటి మాటలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. జనం నమ్మి, సెలవు పెట్టుకుని, రుసుము కట్టి వెళ్తున్నారు. ఆ మూడు రోజులూ నిజంగానే మనసు తేలికపడుతుంది. ఫోను మోగదు, ఇంటి గొడవ ఉండదు, వేళకు తిండి, వేళకు నిద్ర. తేలికపడక ఏం చేస్తుంది? ఇంటికొచ్చి నెల తిరిగేసరికి కోపం ఎప్పటి కోపమే, కంగారు ఎప్పటి కంగారే. అప్పుడు ‘మన రాత ఇంతే’ అనుకుని, ఉన్న కాస్త పూజ కూడా మానేసేవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం. లోపం వాళ్ళ శ్రద్ధలో లేదు. మొదటి రెండు మెట్లూ చూపించకుండా వాళ్ళను మూడో మెట్టు మీద నిలబెట్టారు.

ముందు మాట దగ్గరే సరిచూసుకోవాలి. ఆత్మ పెరగదు. పుట్టనిది, చావనిది, మార్పు లేనిది అని గీత రెండో అధ్యాయం తేల్చి చెప్పింది. పెరగనిదాన్ని పెంచుకోమంటే చదివేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? రూపు దిద్దుకునేది జీవుడు. ఈ రెండు మాటల్నీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

జీవుడంటే ఎవరో అద్వైతులు ఇలా చెబుతారు. పెళ్ళింటి పెరట్లో పది గుండిగల్లో నీళ్ళు నింపి పెట్టారనుకోండి. పైన సూర్యుడు ఒక్కడే. ప్రతి గుండిగలోనూ ఒక సూర్యుడు కనిపిస్తాడు. నీళ్ళు మురికిగా ఉన్నచోట మసకగా, కదులుతున్నచోట ముక్కలు ముక్కలుగా ఉంటాడు. మూత పెట్టినచోట అసలు కనపడడు. సూర్యుడు చైతన్యం, నీళ్ళు మన సూక్ష్మశరీరం, నీటిలోని ప్రతిబింబం చిదాభాస. ఈ మూడూ కలిసినదాన్నే జీవుడంటారని విద్యారణ్యులు పంచదశిలో స్పష్టంగా చెప్పారు. సూర్యుణ్ణి ఎవరూ తోమనక్కర్లేదు. పనంతా నీళ్ళ దగ్గరే.

ఆ నీళ్ళలో ఏమేం ఉన్నాయో కూడా లెక్క ఉంది. జ్ఞానేంద్రియాలు 5, కర్మేంద్రియాలు 5, ప్రాణాలు 5, మనసు, బుద్ధి. మొత్తం 17 అంగాలు. దీనికే లింగశరీరమని పేరు. చిత్తాన్నీ, అహంకారాన్నీ మనసు, బుద్ధుల్లోనే కలిపి లెక్క వేస్తారు కాబట్టి 17. విడిగా చెబితే అంతఃకరణం నాలుగు రకాలుగా పనిచేస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టిన ఇల్లాలిని చూడండి. కన్ను గిన్నె వైపు వెళ్తుంది. ‘పొంగుతున్నాయా, ఇంకా లేదా’ అని ఊగేది మనసు. ‘పొంగొచ్చింది, దించాలి’ అని తేల్చేది బుద్ధి. ‘అయ్యో, నా పాలు పోయాయే’ అని ‘నా’ తగిలించేది అహంకారం. రేపు మళ్ళీ పాలు పెట్టగానే ఇవాళ్టి పొంగు గుర్తుచేసి, గిన్నె దగ్గరే నిలబెట్టేది చిత్తం. ఒక్క పాలగిన్నె దగ్గర నాలుగూ పనిచేశాయి. సాధన చేయదలచినవాళ్ళు ముందు వారం రోజులు వేరే ఏమీ చేయక్కర్లేదు. రోజుకు రెండు మూడు సందర్భాల్లో ఈ నాలుగింటినీ విడదీసి చూడటం అలవాటు చేసుకుంటే చాలు. ‘నాకు కోపం వచ్చింది’ అనే ఒక్క మాటలో ఎన్ని చేతులు కలిశాయో అప్పుడు తెలుస్తుంది.

చిత్తంలో పడిన గుర్తు సంస్కారం. అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తే వాసన. వాసన ముదిరితే స్వభావం. చేలో నీళ్ళు ఒకసారి పారిన బోదెలోనే మళ్ళీ పారతాయి, పారినకొద్దీ బోదె లోతవుతుంది. కొత్త బోదె తీయాలంటే రెండు పనులు చేయాలి. పాతదానికి గట్టు వేయాలి, కొత్తదాన్ని రోజూ కాస్త లోతు చేయాలి. పతంజలి వైరాగ్యం, అభ్యాసం అన్నది ఈ రెంటినే. ఎక్కువమంది మొదటిది వదిలేసి రెండోదే చేస్తారు. పొద్దున అరగంట జపం, రాత్రి రెండు గంటలు ఫోనులో పక్కవాళ్ళ మీద తగాదాలు. నీళ్ళు లోతైన బోదెలోకే పోతాయి.

ఈ జీవుడు ఒక్క జన్మలో తయారైనవాడు కాడని మన శాస్త్రాల మాట. చేసిన కర్మను గింజలనుకుంటే, గాదెలో నిలవున్నవి సంచితం. ఇవాళ వండుకోవడానికి బయటికి తీసినవి ప్రారబ్ధం. చేలో ఇప్పుడు చల్లుతున్నవి ఆగామి. వండటానికి తీసిన గింజ మీద మన అధికారం తక్కువ. చల్లే గింజ మీద మాత్రం పూర్తిగా ఉంది. ‘అంతా కర్మ’ అని చేతులు ముడుచుకునేవాళ్ళు మూడో భాగాన్ని మరిచిపోతున్నారు.

ఇక వరుస సంగతి. అంతఃకరణానికి మూడు దోషాలు: మలం, విక్షేపం, ఆవరణం. నీళ్ళ మురికి, నీళ్ళ కదలిక, గుండిగ మీద మూత. మలానికి మందు నిష్కామకర్మ, విక్షేపానికి ఉపాసన, ఆవరణానికి జ్ఞానం. మందులు మార్చి వేస్తే పనిచేయవు. మురికి పోకుండా నీళ్ళను కదలకుండా నిలబెడితే మురికి అడుగున పేరుకుంటుంది. ఎవరైనా ఒక చిన్న మాట అనగానే అంతా పైకి లేస్తుంది. గంటసేపు ధ్యానం చేసి లేచి, కాఫీ చల్లారిందని ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడటానికి కారణం ఇదే. మొదటి రెండూ లేకుండా నేరుగా ‘అహం బ్రహ్మాస్మి’ వినిపిస్తే పుట్టేది శుష్కవేదాంతం. బాధ్యత తప్పించుకోవడానికి ‘అంతా మిథ్య’ అని వాడుకునే మాటకారితనమే దాని గుర్తు.

మలాన్ని కడిగే పనిని మన పెద్దలు గృహస్థుడి దినచర్యలోనే పెట్టారు. అవే పంచయజ్ఞాలు. బ్రహ్మయజ్ఞమంటే రోజూ కొంత అధ్యయనం, గీతలో ఒక శ్లోకం అర్థంతో చదివినా సరే. దేవయజ్ఞం ఇంట్లో దీపం, నైవేద్యం. పితృయజ్ఞం పోయినవాళ్ళకు తర్పణం. బతికున్న తల్లిదండ్రుల పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వినడం అంతకన్నా ముందు. మనుష్యయజ్ఞం ఇంటికొచ్చినవాడికి అన్నం. భూతయజ్ఞం కాకికో కుక్కకో ఒక ముద్ద. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేయడం కూడా ఈ ఐదోదే, చీమలకు మేత. రాతిపిండి వచ్చాక ముగ్గు మిగిలింది, యజ్ఞం పోయింది. అన్నీ కలిపి రోజుకు ముప్పావుగంటకు మించదు. ఖర్చు నామమాత్రం. అందుకే కాబోలు, దీన్ని ఎవరూ ప్రకటించరు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. సేవ చేస్తూ చేస్తూ ‘నేను సేవ చేసేవాణ్ణి’ అనే కొత్త అహంకారం మొలుస్తుంది. అన్నదానంలో ఫోటో దిగగానే మలం కడిగిన నీళ్ళే మళ్ళీ గుండిగలో పోసినట్టు. పరీక్ష సులువు: మీ పేరు చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా అదే పని నెలరోజులు చేయగలరా? చేయగలిగితే మందు పడుతున్నట్టు. నిష్కామమంటే ఫలితం మీద లెక్క లేకపోవడమని కూడా కొందరు పొరపడతారు. వ్యవసాయం చేసేవాడు దిగుబడి లెక్క వేసుకోవాల్సిందే. పని ముందు లెక్క ఉండాలి. పని తర్వాత వచ్చినదాన్ని ప్రసాదంగా తీసుకోగలగాలి.

తిండి విషయం వేరుగా చెప్పాలి. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన లెక్క ఇది: తిన్న అన్నం మూడు భాగాలవుతుంది. స్థూలభాగం మలంగా పోతుంది, మధ్యభాగం మాంసమవుతుంది, సూక్ష్మభాగం మనసవుతుంది. నమ్మకపోతే పరీక్షించుకోమని పదిహేను రోజులు నీళ్ళతోనే ఉండమన్నాడు. పన్నెండేళ్ళు వేదం చదివి వచ్చిన ఆ కుర్రవాడికి పదహారో రోజు ఒక్క మంత్రమూ గుర్తురాలేదు. మనిషికి పదహారు కళలు, అంటే భాగాలు, అయితే పదిహేను పోయి ఒక్కటి మిగిలింది, పెద్ద మంట ఆరి మిణుగురంత నిప్పురవ్వ మిగిలినట్టు. అన్నం తిని రాగానే అన్నీ గుర్తొచ్చాయి, ఆ రవ్వకు గడ్డి వేస్తే మండినట్టు. ఉపవాసాలతో ఆత్మజ్ఞానం వస్తుందనేవాళ్ళు ఈ ఘట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. ఇక్కడ తండ్రి నేర్పింది మనసు అన్నమయమని. ఎండగట్టమని కాదు. గీత ఆరో అధ్యాయం కూడా అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం లేదంది. కొలత కావాలంటే పాత లెక్క ఉంది: పొట్టలో రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు నీటికి, ఒక పాలు గాలి ఆడటానికి.

రెండో దోషం విక్షేపం. దీనికి జపం అందరికీ అందుబాటులో ఉన్న మందు. జపమాలలో 108 పూసలు, పైన మేరువు అనే విడి పూస. బొటనవేలు, మధ్యవేలితో తిప్పుతారు, చూపుడువేలు తగలనివ్వరు. మేరువు దగ్గరికి రాగానే దాటకుండా మాల వెనక్కి తిప్పుతారు. దానికి ఉపయోగం ఉంది. చేయి యాంత్రికంగా తిరుగుతుంటే మేరువు తగలగానే ఒక్క క్షణం ఆగాలి, ఆ ఆగడంలో మనసు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. మాలకు 108 తిప్పినా లెక్కలో వందే వేసుకుంటారు, మిగిలిన ఎనిమిదీ మనసు పక్కకు పోయి తప్పినవాటికి. వాచికం, ఉపాంశువు, మానసికం అని జపం మూడు రకాలు. గట్టిగా పలకడం, పెదవులు మాత్రం కదలడం, మనసులోనే చేయడం. మానసికం శ్రేష్ఠమని విని కొత్తవాళ్ళు మొదటి రోజే దానికి దిగుతారు. పది నిమిషాల్లో కునుకు. కొత్తలో వాచికమే మంచిది, చెవికి పని ఉంటుంది. మనసు నిలిచినకొద్దీ గొంతు దానంతటదే తగ్గుతుంది.

పురశ్చరణ, అంటే ఒక మంత్రాన్ని నియమంతో లెక్క ప్రకారం జపించి పూర్తి చేయడం, దాని గురించి కూడా స్పష్టంగా చెప్పాలి, ఇక్కడ మోసం ఎక్కువ. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపమని నియమం. శివపంచాక్షరికి 5 లక్షలు. అందులో పదోవంతు 50,000 హోమం, దానిలో పదోవంతు 5,000 తర్పణం, 500 మార్జనం (మంత్రంతో నీళ్ళు చల్లుకోవడం), 50 మందికి భోజనం. మాలకు వంద చొప్పున 5 లక్షలంటే 5,000 మాలలు. రోజుకు పది మాలలు, మాలకు ఐదు నిమిషాల చొప్పున యాభై నిమిషాలు కూర్చుంటే 500 రోజులు పడుతుంది. పదకొండు రోజుల్లో పూర్తి చేయిస్తామని ఎవరైనా అంటే ఒక లెక్క వేసి చూడండి. రోజుకు 45,454 సార్లు. ఒక్కొక్కటి రెండున్నర సెకన్లు పట్టినా రోజుకు 31 గంటలు దాటుతుంది. అక్షరాలు మింగేస్తే తప్ప కుదరదు. అక్షరం మింగిన జపం విక్షేపాన్ని తగ్గించదు సరికదా, తొందర అనే కొత్త వాసనను నాటుతుంది.

కూర్చోవడం చిన్న విషయమనుకుంటారు. ఆసనం మరీ ఎత్తు కాకుండా, మరీ పల్లం కాకుండా, దర్భ, చర్మం, బట్ట ఒకదాని మీద ఒకటి ఉండాలని గీత చెప్పింది. జింకచర్మం ఇప్పుడు చట్టం ఒప్పదు. చాప మీద ఉన్ని కంబళి, దాని మీద నూలుబట్ట సరిపోతుంది. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి మూడు నాలుగు అంగుళాలు ఎత్తు ఉంటే మోకాళ్ళు నడుముకన్నా కిందికి వస్తాయి, వెన్ను నిలబెట్టడానికి కష్టపడనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో కూర్చోవచ్చు, పాదాలు నేలకు ఆనాలి. ముక్కు కొన చూడమన్నారు కదా అని కళ్ళు మెల్ల చేసి తలనొప్పి తెచ్చుకునేవాళ్ళున్నారు. అక్కడ ‘చూస్తున్నట్టు’ అని అర్థం చేసుకోవాలని శంకరులే భాష్యంలో విడమరిచారు. చూపు లోపలికి మళ్ళాలి, అంతే. కనుబొమల మధ్య బిగబట్టి చూసినా తలబరువే.

కూర్చున్నాక ఏం చెడుతుందో మాండూక్యోపనిషత్తు మీద గౌడపాదులు రాసిన కారికల్లో ఉంది. నాలుగు విఘ్నాలు. మొదటిది లయం, నిద్రలోకి జారడం. నిద్ర చాలకపోవడం, ఎక్కువ తినడం, అజీర్తి, పగలంతా ఒళ్ళు అలిసిపోవడం దీనికి కారణాలు. మందు ధ్యానంలో లేదు. నిద్రపోయి లేచి కూర్చోవాలి, లేదా ముఖం కడుక్కుని పైకి పలకాలి. రెండోది విక్షేపం, మనసు పరుగు. దాన్ని తిట్టకుండా మళ్ళీ మళ్ళీ తెచ్చి పెట్టడమే. తెచ్చిన ప్రతిసారీ సాధన జరిగినట్టే లెక్క, ‘ఇవాళ కుదరలేదు’ అనుకోకూడదు.

మూడోది కషాయం. దీన్ని గుర్తుపట్టడం కష్టం. మనసు నిద్రపోదు, పరుగెత్తదు, అలాగని ధ్యానించే రూపం మీదా నిలవదు. లోపల ఏదో పాత రాగమో ద్వేషమో బిగుసుకుని, మొద్దుబారినట్టు ఉంటుంది. చాలామంది దీన్నే సమాధి అనుకుంటారు. తేడా లేచాక తెలుస్తుంది. నిజంగా నిలిచిన మనసు లేచాక తేటగా, మెత్తగా ఉంటుంది. కషాయంతో లేచినవాడు చిరాగ్గా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకుండా ఉంటాడు. అలా ఉంటే జపం పెంచడం దండగ. మళ్ళీ మొదటి మెట్టుకు వెళ్ళి, ఎవరితో తగువుందో వాళ్ళతో సరిచేసుకోవాలి. తోబుట్టువుతో ఆస్తి తగాదా పదేళ్ళుగా నానుతుంటే ఆ బిగువు ఏ మంత్రంతోనూ వదలదు. నాలుగోది రసాస్వాదం. కాస్త సుఖం తగలగానే దానికే అంటిపెట్టుకోవడం. వెలుగులు కనిపించాయి, గంటలు వినిపించాయి అని అందరికీ చెప్పుకోవడం దీని లక్షణం. దారిలో కనపడేవాటిని చూసి ముందుకు నడవాలి.

వైరాగ్యం విషయంలోనూ ఒక హెచ్చరిక. మనవాళ్ళు పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం అని మూడింటిని పక్కన పెట్టారు. పురాణం వింటున్నంతసేపు, పురిటి నొప్పులున్నంతసేపు, చితి కాలుతున్నంతసేపు ఉండేవి. వీటిని పట్టుకుని ఉద్యోగం, ఇల్లు వదిలే నిర్ణయాలు చేయకూడదు. ఆర్నెల్లు ఆగినా నిలిచే వైరాగ్యమైతే అప్పుడు ఆలోచించవచ్చు. ఇంకా ముఖ్యమైన సంగతి, నిస్పృహ వైరాగ్యం కాదు. వైరాగ్యం వచ్చినవాడు తన పని ఇంకా శుభ్రంగా చేస్తాడు, వేళకు తింటాడు, పడుకోగానే నిద్రపోతాడు. తిండి సహించక, నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక, బతుకు మీద ఆశ పోయిందంటే అది జబ్బు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. అలాగే శిబిరం నుంచి వచ్చి వరుసగా నాలుగైదు రాత్రులు నిద్ర లేకుండా, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే ‘కుండలిని లేచింది’ అని ఇంట్లో పెట్టుకోవద్దు. ఆలస్యం చేస్తే నష్టం పెద్దది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టే కుంభకాలకు పోకూడదు. మామూలు ఊపిరిని గమనిస్తే చాలు. నిమిషానికి 15 చొప్పున రోజుకు 21,600 శ్వాసలని మన లెక్క, ప్రయత్నం లేకుండా జరిగే జపమని దాన్నే అజపాజపం అన్నారు.

మూడో దోషం ఆవరణం. దానికి శ్రవణం (వినడం), మననం (ఆలోచించి సందేహాలు తీర్చుకోవడం), నిదిధ్యాసనం (తెలిసినదానిలోనే మనసు నిలపడం). శ్రవణమంటే ప్రవచనానికి వెళ్ళి రావడం కాదు. ఒక ఉపనిషత్తును మొదటి నుంచి చివరిదాకా గురువు దగ్గర కూర్చుని, దాని తాత్పర్యం ఏమిటో ఆరు గుర్తులతో తేల్చుకోవడం. మొదలు-ముగింపు ఒకటి కావడం, మళ్ళీ మళ్ళీ చెప్పడం, వేరే ప్రమాణంతో తెలియనిది కావడం, ఫలం, పొగడ్త, యుక్తి. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలోనే ఈ ఆరూ చూడవచ్చు. ‘ఏకమేవాద్వితీయం’తో మొదలై ‘ఐతదాత్మ్యమిదం సర్వం’తో ముగుస్తుంది, మధ్యలో ‘తత్త్వమసి’ తొమ్మిదిసార్లు వస్తుంది. ఈ పనికి కూర్చునే ముందు నాలుగు అర్హతలు చూసుకోమన్నారు: వివేకం, వైరాగ్యం, మనసు, ఇంద్రియాల నిగ్రహం మొదలైన శమదమాది ఆరు, మోక్షం కావాలనే ముముక్షుత్వం. నాలుగూ నిండుగా ఉన్నవాడు ఎవడూ దొరకడు. మొలక కనిపించినా పాఠం మొదలుపెట్టవచ్చు, పాఠంతోపాటే పెరుగుతాయి. ఒక్కటీ లేకపోతే మాత్రం పాఠం నోటికి వస్తుంది, గుండెకు రాదు.

ఇదంతా అద్వైతుల మాటే కదా అనేవారికి ఒక సంగతి చెప్పాలి. జీవుడి స్వరూపం దగ్గర మతాలు విడిపోతాయి. విశిష్టాద్వైతంలో జీవుడు అణువు, నిత్యుడు, భగవంతుడికి శేషుడు, అంటే ఆయన సొత్తు. అతను ప్రతిబింబం అంటే వాళ్ళు ఒప్పుకోరు. కానీ దినచర్య దగ్గరికి వచ్చేసరికి దారులు కలుస్తాయి. రామానుజులు శ్రీభాష్యంలో ఎత్తిచూపిన ఏడు సాధనాలు చూడండి: వివేకం, విమోకం, అభ్యాసం, క్రియ, కల్యాణం, అనవసాదం, అనుద్ధర్షం. ఇక్కడ వివేకమంటే ఆహారవివేకం. పదార్థం తీరు, అది ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో ఏం పడింది అని మూడు విధాల చూడాలి. విమోకం కోరికలకు అంటుకోకపోవడం. క్రియ అంటే పైన చెప్పిన పంచయజ్ఞాలే. కల్యాణం అంటే సత్యం, ఋజుత్వం, దయ, దానం, అహింస మొదలైనవి. చివరి రెండూ మాకు ఎంతో విలువైనవిగా తోస్తాయి. అనవసాదం డీలా పడిపోకపోవడం, అనుద్ధర్షం పొంగిపోకపోవడం. సాధన చెడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. వారం కుదరకపోతే డీలా, ఒక రోజు కుదిరితే పొంగు.

పెరుగుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది అని అందరూ అడుగుతారు. వెలుగులూ కలలూ కొలతలు కావు. మూడు లెక్కలు చూసుకోవాలి: మనసు చెదరడం ఇదివరకు వారానికి ఎన్నిసార్లు, ఇప్పుడెన్నిసార్లు; చెదిరినప్పుడు మనసులో ఆగిందా, నోటిదాకా వచ్చిందా, చేతిదాకా వచ్చిందా; తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది. రెండు రోజులు నానిన అలక రెండు గంటల్లో తేలిపోతుంటే సాధన పనిచేస్తున్నట్టే. ఈ లెక్క నెలకోసారి చాలు. రోజూ చూసుకుంటే మొక్క పెరిగిందా అని వేళ్ళు పీకి చూసినట్టవుతుంది. ఇంట్లోవాళ్ళను అడగడం ఇంకా మంచిది, వాళ్ళు సరిగ్గా చెబుతారు.

ఇదంతా సామాన్యులకు తెలుగులో చెప్పవచ్చా అనే అనుమానం అక్కర్లేదు. కేరళలో పుట్టి, తిరుమల గోగర్భంలో పన్నెండేళ్ళు తపస్సు చేసిన మలయాళస్వామి 1926లో ఏర్పేడులో వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా, స్త్రీపురుషులిద్దరికీ ఉపనిషత్తులు తెలుగులో పాఠం చెప్పారు. ఆచరణ లేని వేదాంతం మీద ఆయన రాసిన గ్రంథానికి ‘శుష్కవేదాంత తమోభాస్కరం’ అనే పేరు పెట్టారు. ఆయన శిష్యులు విద్యాప్రకాశానందగిరి శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం నుంచి గీతను ఊరూరా తెలుగులో వినిపించారు. రైతులూ, ఇల్లాళ్ళూ, దుకాణదారులూ విని అర్థం చేసుకున్నారు. ఇప్పటి పాఠకుడికి అర్థం కాదనుకోవడం అన్యాయం.

అందువల్ల మీకు రెండు విన్నపాలు. ఆధ్యాత్మిక పుటలో శిబిరాల ప్రకటనలు తీసుకునేటప్పుడు ‘ఇన్ని రోజుల్లో ఆత్మజ్ఞానం’, ‘జబ్బులు నయం’ అనే హామీలున్నవాటిని దయచేసి వేయకండి. రుసుము ఎంత, నేర్పేది ఏమిటి, ఎవరు రాకూడదు అనేవి ప్రకటనలోనే ఉండాలని అడగండి. రెండోది, వారానికి పావు పేజీ సాధన క్రమానికి కేటాయించండి. మొదటి మూడు నెలలు మలం, తర్వాత మూడు నెలలు విక్షేపం, ఆపైన ఉపనిషత్తు ఒకటి మొదటి నుంచి. పాఠకుల సందేహాలకు అక్కడే జవాబులు ఉండాలి. మేము పారితోషికం లేకుండా రాసి ఇస్తాం. విశిష్టాద్వైత, ద్వైత పండితులతో కూడా వంతులవారీగా రాయిస్తే ఇంకా సంతోషం. పంచయజ్ఞాల మీద మొదటి పాఠం, పల్లెటూళ్ళోనూ అపార్టుమెంటులోనూ వాటిని ఎలా చేసుకోవాలో వివరంగా రాసినది, ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాం.

ఇట్లు,
ఆదివారం వేదాంత పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం,
తెనాలి